ఎర్రబొట్టు కుళాయి

ఫర్వానియాలో జూలై.
నీలంబొట్టు కుళాయి తిప్పితే
కాగిన నీళ్లు.
తొట్టిలో దించబోయిన చంటివాణ్ణి
చటుక్కున గుండెకి లాక్కున్నాను.

"గీజరు ఆపేసెయ్ మ్మే.
ఎర్రబొట్టుది తిప్పు,
లోపల నిలవుండే నీళ్లు సల్లగుంటాయి."
లిఫ్టులో చెప్పింది ఓబులమ్మ,
నాలుగో అంతస్తులో
మిస్రీ డాక్టరింట్లో పిల్లల్ని చూసే రాయచోటామె.

ఆ రోజు నుంచి మా ఇంట్లో
ఎరుపంటే చల్లన.

సలహాలకేం, మెట్లమీదే దొరుకుతాయి.
దుమ్ము లేస్తే తలుపుకింద తడితువ్వాలు పెట్టమని
జైపాల్ గారు.
స్కూలు బస్సు ఐదూ యాభైకే,
ఇడ్లీ గిడ్లీ పెట్టుకోకు, దోసె చుట్టి చేతికిచ్చెయ్యమని
రోషిణి.
ఏసీ ఇరవై నాలుగా, ఇరవై ఆరా?
ఆ తగువు ఇంకా తెగలేదు.

వాడికి ముక్కు బిగిస్తే
పాతచీర పేలికలో వాము మూటకట్టి తెచ్చింది ఓబులమ్మ.
"అరచేతిలో కాక చూసుకోని పెట్టు."

కిందికి దిగుతూ అడిగాను:
"మీకెంతమంది?"
"ఒగతే పాప. ఇంత"
అని నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపింది.

లిఫ్టు ఆగింది.
తలుపు తెరుచుకుంది.
ఆ చెయ్యి అక్కడే కాసేపుండి,
లెక్కేదో వేసుకుని,
జానెడు పైకి జరిగింది.