తూర్పు: వంక

స్థలం కొన్న రోజు
దస్తావేజులో చెక్కుబందీలు చదివి వినిపించినాడు రైటరు.
ఉత్తరం ఇరవై అడుగుల రోడ్డు,
దక్షిణం నాదముని గారి ప్లాటు,
పడమర ఖాళీ జాగా,
తూర్పు వంక.
నేను ధర దగ్గరే ఆగిపోయినాను.
వంక యాడుంది? ముళ్ళకంపలు, ఒక ఎండిన గాడి,
దాంట్లో పడుకున్న కుక్క.

కరకంబాడి రోడ్డు అవతల
అందరికంటే మూడడుగులు పైకి లేపి కట్టినాను ఇల్లు.
ప్రహరీ రెండడుగులు తూర్పుకి జరిపినాను,
ఎవరడుగుతారని.
మట్టి కనపడితే లేమి అనుకునే మనిషిని,
గేటు దాకా సిమెంటు పోయించినాను.
కారు ఎక్కేదానికి కాలవ మీద ర్యాంపు,
మేడ మీది పైపు తిన్నగా వీధిలోకి.
మేస్త్రీ ఏకాంబరం ఒక్క మాటే అన్నాడు,
"తూము పెద్దది పెడదాం సార్."
ఆరంగుళాలది చాలన్నాను.
మిగిలిన డబ్బుతో తలుపుకి ఇత్తడి గంటలు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
మూడు రోజులు కొండ కనపడలేదు,
మోత మాత్రం వినపడింది.
నాలుగో రాత్రి కొండ నీళ్ళు
పాత కాగితం చేతబట్టిన కోర్టు అమీనాలా దిగినాయి.
తూర్పున తమ పేరు చూసుకున్నాయి,
నా ప్రహరీ తట్టినాయి.
నేను పలకలేదు.
పక్కకి తిరిగినాయి.

నా వాకిలి పొడిగానే ఉంది.
అది చూసుకుని నిద్రపోయినాను, అబద్ధమెందుకు.

తెల్లారి ఎదురింటి దేశమ్మ
మంచం మీద బియ్యం మూట, మూట మీద మిక్సీ,
మిక్సీ మీద మనవరాలి టెన్త్ సర్టిఫికెట్టు పెట్టి
మోకాటి లోతులో నిలబడి ఉంది.
తిట్టలేదు. తిట్టింటే బాగుండు.
"మీ ఇంటి నీళ్ళు దావ తప్పి మా ఇంటికొచ్చినాయి నాయనా,
పిల్చుకోని పోతావా?"

నీరు పల్లమెరుగు.
పల్లంలో ఎవరుంటారో
ఎరగాల్సింది నీరు కాదు.

ఏకాంబరాన్ని మళ్ళీ పిలిచినాను.
ర్యాంపు పగలగొడితే కాలవ బయటపడింది,
గొంతు దాకా నిండిపోయి, నల్లగా.
పాల కవర్లు వచ్చినాయి,
ఒక రబ్బరు బంతి, ఎవరి పెళ్ళివో ప్లాస్టిక్ గ్లాసులు,
వాటి కింద గడ్డకట్టిన సిమెంటు,
నా ఇంటి రంగు అంటుకుని.
పారతో కొడితే కంగుమంది.
ఏకాంబరం నా వైపు చూడలేదు. మర్యాదస్తుడు.

వాకిట్లో సగం సిమెంటు లేపేసినాము.
ఆరడుగుల గుంత, అడుగున గుండ్లు,
పైన కంకర, ఆపైన ఇసక.
మేడ పైపు మెడ వంచి దాంట్లోకి.
తూము పద్దెనిమిది అంగుళాలు.
ప్రహరీ రెండడుగులు వెనక్కి. కారు వీధిలో.
గుంతకైన ఖర్చు ఇత్తడి గంటల ఖరీదే,
రెండు రశీదులూ ఒకే పిన్నుకి గుచ్చినాను.

"తవ్వితే అయిపోలేదు సార్,
ఆకులు తియ్యాల, ఒండ్రు తియ్యాల, ఏటా వానకి ముందర.
ఇది ఆవును మేపినట్టే" అన్నాడు
కూలి లెక్కపెట్టుకుంటా.

మొన్న మళ్ళీ పట్టింది.
రాత్రి పదకొండుకి గొడుగు, టార్చి,
పంచె ఎగ్గట్టి పైపు కాడ కూర్చున్నా.
గుంత తాగింది, గుటకలు వినపడేట్టు.
గంట సేపు తాగింది. ఆపైన చాలనింది.
పొర్లిన నీళ్ళు కాలవ పట్టి తూము దూరి పోయినాయి,
అన్నీ కాదు.
పక్కన నాదముని గారి కొత్త వాకిలి మెరుస్తా ఉంది,
గేటు దాకా సిమెంటు.
ఆయనకేం చెప్పాలో ఇంకా మాట కుదరలేదు.

టార్చి ఎత్తితే దేశమ్మ మెట్ల మీద కూర్చోనుంది,
ఆమెకీ నిద్ర లేదు.
వెనక గోడ మీద బొగ్గు గీత, పోయినేటిది.
"ఎంత దాకా వచ్చింది?" అరిచినాను.
వానలో ఆమె మాట వినపడలేదు.
రెండు వేళ్ళు చూపించింది.

మెట్లా, అంగుళాలా?

రోడ్డు దాటినాను కనుక్కునేదానికి.