అరవయ్యో ఫారం

డిపార్ట్‌మెంటోళ్లు ఇచ్చిన ముల్లు తూకం,
మధ్య మధ్యల ఆగితే ఓ దెబ్బ వేయాలె.
బండమీదిపల్లి మీద ఎండ ఇంకా ఎక్కలే,
బాత్రూం కాడ బకెట్ల లైను మాత్రం
మెట్ల దాక వచ్చింది.
మెస్సు వరండాల నేను,
చంకల అరవై ఫారాలు, చెవి మీద పెన్ను.

"వారంల ఎన్ని దినాలు నాష్టా తింటవ్?"
ఉమేరా నవ్వింది.
"ఏ టైముకు తింటే నాష్టా అంటరక్కా?
పదకొండుకు సమోసా తింటే లెక్కకొస్తదా?"
ఆ గడి ఫారంల లేదు.
పక్క ఖాళీల సమోసా అని రాసిన.
"రెండు" అన్నది ఆమె, సిగ్గువడుకుంట.

కొందరు ఎక్కేముందు చెప్పులిడుస్తరు,
గాజులు తీస్తరు,
జడ క్లిప్పు గూడ తీసి నా చేతుల పెడ్తరు.
అచ్చంపేట దిక్కు తండాల సబావత్ చాందిని
పుస్తకాల సంచి మాత్రం దించనంటది.
గుంజి తీస్తే
నీళ్ల సీస, బాటనీ రికార్డు, సగం ఇటుక.
తక్కువ తూగితే వార్డెను ఇంటికి ఫోన్ కొడ్తదట.
ముప్పై ఎనిమిది.
ఇద్దరం ఇటుక దిక్కే చూసినం.
నేను రాసిన. ఆమె మాట్లాడలే.

మక్తల్ సువార్త ఏడాదిల ఆరు కిలోలు పెరిగింది.
పొద్దుగాల ఏం లేదు,
పగటీలి తలె నిండ అన్నం, మారు అన్నం,
రాత్రి రెండుగొట్టంగ సేవ్ పొట్లం.
మెట్లెక్కితే కండ్లు తిరుగుతయంటది.
ఒళ్లు పెరిగింది, రక్తం ఎనిమిదిన్నర కాడ్నే ఆగింది.
"మావోళ్లేమో నేను మంచిగ తింటున్ననుకుంటున్నరు."

లోపల గంజుల ఉప్మా గట్టివడ్తున్నది.
ఎనిమిదిన్నరకు జంగిలమ్మ గంటె దించుతది.
నూటయాభై మందికి వండితే
తడిసేటివి నలభై తలెలు.
మిగిలింది బకెట్లకెత్తి బర్లాయనకు ఇస్తది.
ఆ బర్లను చూసిన నేను,
నున్నగ మెరుస్తయి.

యాభై తొమ్మిదైనయి.
ఇంకెవ్వరు దొరకలే.
ఆఖరు ఫారం మీద నా పేరే రాసుకున్న.
నాలుగో ప్రశ్న: ఇయ్యాల పొద్దుగాల ఏం తిన్నవ్?
పెన్ను మూత కొరుక్కుంట నిలవడ్డ.
అదే రాయాల్నా?

తూకమెక్కి
నంబరు చూద్దామని వంగితే ముల్లు ఊగుతది,
నిటారుగ నిలబడితే ముల్లు కనవడదు.
"జంగిలమ్మా, జర చూడరాదు."
ఆమె చేతులు కొంగుకు తుడుసుకొని
అద్దానికి ముక్కు ఆనిచ్చింది.
"నాకు అంకెలొస్తయా బిడ్డా?
మా పత్తి బోరెం జోకితే మాత్రం
ముల్లు ఇంకింత అవతలికి పోతది."

దిగినంక గూడ ముల్లు సున్నకు రాలే.
ఓ దెబ్బ వేసిన.
ఎనిమిదీ ఇరవయ్యారు.
కరేపాకు వాసన వరండాల దాక వచ్చింది.
నా తలె,
ఎప్పుడో జూన్ల పేరు కొట్టించుకున్న స్టీలు తలె,
ఏడ వెట్టిన్నో
యాదికొస్తలేదు.