ఇరవై పైసల వాషరు

నంబరు గీకేసినారు.
బ్లాకు పక్కన, వేలెడంత చోట
గ్రైండరు పెట్టి నున్నగా, అద్దం మాదిరి.
పైన పచ్చరంగు, ఇంకా వాసనొస్తాంది.
"697 కుళ్ళాయక్కా, ఒక్క చేతి బండిది" అంటాడు ఓబులేసు.
మనిషి మంచోడే.
చెప్పేటప్పుడు మాత్రం ఇంజన్ని చూస్తాడు, నన్ను చూడడు.

కొనబోయే చిలంకూరు సుబ్బన్న
టీ గ్లాసు పట్టుకోని నిలబడినాడు.
ఎర్రగుంట్లలో టీ తొందరగా తాగల్ల,
ఆలస్యమైతే నాపరాయి దుమ్ము మీగడ కడతాది.

నేను మేస్త్రీని కాదు, కడిగేదాన్ని.
ముప్ఫై ఏండ్లు కిరసనాయిలు తొట్టి ముందర
గొంతుక్కూర్చోని
రాకర్లు, వాల్వులు, పిస్టన్లు
బియ్యం కడిగినట్టు మూడు నీళ్ళు.
నాయన ఇమామయ్య విప్పేవాడు, బిగించేవాడు.
నడిమధ్య ఉండేదంతా నా చేతుల్లోనే.

నాయన చెప్పేవాడు:
ఆరూ ఒకే వరసలో నిలబడితే
ఒకటీ ఆరూ జతగా లేస్తాయి,
రెండూ అయిదూ, మూడూ నాలుగూ.
ఒకదాని వణుకు ఇంకోటి మింగుతాది.
నాలుగు సిలిండర్ల దాని మీద గ్లాసు పెడితే నడుస్తాది,
ఆరు దాని మీద పెడితే కూచ్చోని వింటాది.
ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.
నేను ఎక్కాలు మర్చిపోయినా, ఈ వరస మర్చిపోలేదు.

గువ్వలచెరువు ఘాటెక్కేదానికి
లేలాండే అని మా మస్తాను,
టాటానే అని బుడ్డాయపల్లె గురప్ప.
ఇదే గేట్లో, ఈ రేకు కిందనే కొట్లాడుకున్న్యారు.
ఇద్దరూ పోయినారు. పంచాయితీ తెగలేదు.
కమిన్స్ వచ్చినాక దాని టర్బో ఈలకు
పాత గొంతులన్నీ మూగబోయినాయి గానీ
దానికి లైనర్లుండవు,
బోరు అరిగితే దిమ్మనే కొరకల్ల.
నాయనకు ఆ మాట నచ్చేది కాదు.
"మార్చుకునే చొక్కా లేని మనిషి" అనేవాడు.

సరే, హెడ్డు లేపినారు.
692, 697 అన్నదమ్ములు.
చీకట్లో ఒకరి చొక్కా ఇంకొకరు తొడుక్కుంటారు.
ఆరు సిలిండర్లు, మిగిలిన అంకె బోరు.
అయిదు మిల్లీమీటర్ల తేడా,
అంతే, లెక్క అంతా ఆడే మారిపోతాది.
సుబ్బన్న కొడుకు గేజీ కోసం ఎతుకుతాండగా
నేను పిడికిలికి పాతగుడ్డ చుట్టి లోపలికి పోనిచ్చినా.
పెద్దదైతే సులువుగా తిరుగుతాది.
చిన్నదైతే మెటికలు రాసుకుంటాయి.

రాసుకున్న్యాయి.

ఓబులేసు మొహం చూసినా.
ఈసారి నన్నే చూస్తాండాడు,
పాపం, వానికీ ఎవుడో ఇట్లే అమ్మింటాడు.

చెప్పేద్దామనుకునేలోగా
పక్కన దించిపెట్టిన ట్యాపెట్ కవరు కనపడింది.
మూడో నట్టు కింద వాషరు గుండ్రంగా లేదు.
పచ్చరంగు లోంచి మూలలు పొడుచుకొస్తాండాయి.
గోరుతో గీకితే తెల్లగా అల్యూమినియం.
లెక్కపెడితే ఆరు మూలలు.

పందొమ్మిదేండ్ల కింద ఆదివారం సాయంత్రం
అంగళ్ళు మూసినాక వాషరు దొరక్క
నా డబ్బాలో ఇరవై పైసలు తీస్కోని
లేతు మీద నడిమధ్య బెజ్జమేసినాడు నాయన.
"రేపు మారుస్తాలే."
పొద్దున్నే మస్తాను బండి పోయింది,
పదకొండు వందల బాకీతో సహా.
తర్వాత ఫైనాన్సోళ్ళు ఎత్తుకపోయినారన్న్యారు,
ఆదోనిలో చూసినామన్న్యారు, అమ్మేసినారన్న్యారు.

"ఒక్క చేతి బండి" అన్న్యాడు గదా ఓబులేసు.
మా చేతిని లెక్కలో ఏసుకున్న్యాడో లేదో.

సుబ్బన్నకు చెప్పినా: ఇది 692.
ఆ రేటు ఈకు. తక్కువకైతే తీస్కో, దిమ్మ మంచిది.
ఎట్ల తెలుసని అడిగినాడు.
కడిగినానులే అన్న్యా.

కొత్త రాగి వాషర్లు డబ్బా నిండా ఉండాయి.
ఒకటి తీసి నట్టు దగ్గర దాంకా తెచ్చి,
మళ్ళా డబ్బాలోనే ఏసి,
పాతదాన్ని కిరసనాయిల్లో ముంచినా.
రంగు ఊడొచ్చేదాంకా
మూడు నీళ్ళు.