ఎడమచేతి ట్రాంబోన్

ఫ్లోరిస్ బాబూ,
రాటర్‌డామ్ నుంచి నువ్వు పంపిన పొట్లం
బుధవారం అందింది.
పిట్స్‌బర్గ్‌లో ఇక్కడ మోకాలి లోతు మంచు.
టపా తెచ్చే అమ్మాయి దాన్ని కోటు లోపల దాచి తెచ్చింది.
కత్తెర దొరక్క పళ్లతో చించాను.
డెబ్బై మూడేళ్లదాన్ని, పళ్లు నావే.

అట్ట మీద నాన్న.
నలుపు తెలుపుల్లో
బుగ్గలు పూరించి, కళ్లు మూసుకుని.
పక్కన ఆవపువ్వు రంగు అక్షరాల్లో
లూషియస్ టారంట్, ట్రాంబోన్.

నీకు తెలిసే ఉంటుంది,
యాభై ఎనిమిదిలో ఆ రికార్డు తొలిసారి వచ్చినప్పుడు
అట్ట మీద ఆయన లేడు.
ఒక తెల్లమ్మాయి ఉండేది,
ఎర్ర గౌను, టాపు లేని కారు, గాలికి ఎగిరే జుట్టు.
"ఇతని మొహం వేస్తే దక్షిణాది కొట్లలో
పెట్టెలే విప్పరు" అన్నాడట కంపెనీవాడు.
నాన్న ఆ మాట మాకు చెప్పలేదు.
అమ్మ చెప్పింది, ఆయన పోయాక,
బంగాళాదుంపల చెక్కు తీస్తూ, తలెత్తకుండా.

మాకేం తెలుసు?
ఆ ఎర్రగౌనామె మా ఇంటి మనిషే అనుకునేవాళ్లం.
తమ్ముడు ఆమెకి జెరాల్డీన్ అని పేరు పెట్టాడు.
నేను పెన్సిలుతో మీసం పెట్టి దెబ్బలు తిన్నాను.
ఆమె నుదుటి మీద ఇప్పటికీ
ఎవరో పెట్టిన కాఫీ కప్పు గుండ్రని మచ్చ.
ఆ కారు ఎక్కడికి పోతోందని రాత్రిళ్లు వాదించుకునేవాళ్లం.
కాలిఫోర్నియాకి అనేవాడు వాడు.
పాలసీసాలు తిరిగిచ్చేయడానికి అనేదాన్ని నేను.

ఇప్పుడామెని తీసేశావు.
న్యాయం.
అరవై ఏళ్లు దాటి వచ్చినా న్యాయం న్యాయమే.
ఆ మాట పైకే అన్నాను, వంటింట్లో, ఒక్కదాన్నే.

కానీ బాబూ,
నువ్వు బొమ్మని తిరగేశావు.

నాన్న కుడిచేత్తో స్లైడు లాగేవాడు,
లోకమంతా లాగినట్టే.
నీ అట్ట మీద ఎడమచెయ్యి ముందుకు సాగింది.
పెళ్లి ఉంగరం కుడిచేతి వేలికి మారింది.
చొక్కా బొత్తాలు ఆడవాళ్ల వైపు.
ఉక్కు కొలిమిలో నిప్పురవ్వ కాల్చిన గీత
ఒక కనుబొమ్మ మీంచి రెండోదాని మీదికి నడిచింది.
పేరు వేయడానికి అటుపక్క చోటు కావలసొచ్చిందేమో.
అక్షరాలకీ నిలబడ్డానికి జాగా ఉండాలి కదా.

కోపంగా ఉత్తరం మొదలుపెట్టాను.
రెండుసార్లు.
"మా నాన్నని అప్పుడు దాచారు,
ఇప్పుడు తిప్పి చూపిస్తారా?" అని.
మూడో కాగితం తీసి,
మొహం కడుక్కుని వద్దామని లేచాను.

స్నానాల గదిలో అద్దం ఆయనదే.
ఒక మూల కళాయి రాలిపోయింది.
కొలిమి షిఫ్టు నుంచి వచ్చి, క్లబ్బుకి వెళ్లేముందు
దాని ఎదుట ట్రాంబోన్ పట్టుకుని
పెదవులు సరిచూసుకునేవాడు.
తలుపు సందులోంచి నాకు
ఇటు ఆయన వీపు, అటు అద్దంలో ఆయన.
అద్దంలో స్లైడు ఎడమచేతిలోనే ఉండేది.

అలా చేతిలో తువ్వాలుతో ఎంతసేపు నిలబడ్డానో.

నువ్వు పంపింది, ఫ్లోరిస్,
మేం చూసిన మనిషిని కాదు.
తనకి తను కనిపించిన మనిషిని.
ఆ మొహాన్ని కంపెనీవాళ్లు దాచలేకపోయారు,
అది వాళ్ల దగ్గర ఎప్పుడూ లేదు.

అయినా మలిముద్రణలో సరిచెయ్యి.
తప్పు తప్పే. నేర్చుకునే పిల్లలు చూస్తారు.
ఈ ఒక్కటి మాత్రం నాకుండనీ.

మీవాళ్లు బుసబుసలన్నీ కడిగేశారట,
రెండో పాట మధ్య నాన్న ఊపిరి పీల్చడం
మొదటిసారి విన్నాను.
మళ్లీ సూది వెనక్కి పెట్టి విన్నాను.

పాత ప్లేటుని నీ అట్టలో పెట్టాను,
గీత పడి మూడో పాటలో తడబడుతుంది, పడనీ.
కొత్తదాన్ని జెరాల్డీన్ కారెక్కించాను.
ఆమెకి దారి తెలుసో లేదో.
తమ్ముడుంటే కాలిఫోర్నియా అనేవాడు.

ఇట్లు,
వెర్లీన్ టారంట్