శివారు స్వరం

రాత్రి ఎనిమిదికి లాకు తలుపులు దించి
గ్రీజు చేతులు కొబ్బరిపీచుతో తోముకుని
కిన్నెర భుజానికి ఆనించుకుంటాను.
మూడు సొరబుర్రలు, ఒక వెదురు బొంగు, రెండు తీగలు.
ఫోనుని బియ్యం డబ్బాకి చేరవేసి
కెమెరా నా మొహం మీంచి వేళ్ళ మీదికి వంచుతాను.
మొహం చూసి నేర్చుకునేదేం లేదు.

ఒక్కో గడిలో ఒక్కొక్కరు తేలతారు.
అత్తిలి ఎరువుల కొట్టు గుమాస్తా సోమసుందరం,
బస్సు డిపోలో టికెట్ల లెక్క చూసే కాసులమ్మ,
భీమవరం కాలేజీ కుర్రాడు, ఫోనులో పండు అనే ఉంది,
ఇంకో ముగ్గురు,
చివరికి అల్లవరం వీరవేణి.
రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుంటుంది,
వెనక ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతుంటాయి.
ఆ మర కాసేపు ఆపలేవా అమ్మా అంటే
ఆపితే రొయ్యలు చచ్చిపోతాయి మాస్టారూ అంది.
సరే, దాన్నే శ్రుతి అనుకో అన్నాను,
నవ్వులాటకి.
వారం తిరిగేసరికి తీగని దానికే బిగించుకొచ్చింది.

మొదటిరోజు అందరం కలిసి వాయిద్దామన్నాను, తెలియక.
ఏడుగురి సా ఏడు వేళలకి వచ్చింది,
సంతలో కంచాలు దొర్లినట్టు.
తర్వాత అనిపించింది, ఇది నాకు తెలిసిన లెక్కే కదా.
ధవళేశ్వరంలో వదిలిన నీరు
మా లాకుకి రేపటికి,
శివారు చేలకి ఎల్లుండికో ఆవలెల్లుండికో.
మధ్యలో ఎవడైనా మాటు వేస్తే ఆ లెక్కా లేదు.
అప్పట్నుంచి వంతులవారీ.
ఒకరు మీటితే మిగతావాళ్ళు మూగ.

రోహిణి కార్తెలో మెట్ల కింద మైనం కరిగింది.
కాసులమ్మ రెండో మెట్టు జారింది.
తెర మీద కనపడలేదు గానీ చెవికి తెలిసింది.
పక్కనుంటే బొటనవేలితో అదిమేసేవాణ్ణి.
కిందికి... కాదు, నీ కిందికి...
బుర్ర వైపు తల్లీ, పెద్ద బుర్ర వైపు...
గోరంత జరపడానికి పదకొండు నిమిషాలు.

నాకు నేర్పిన దాలయ్య మాట చెప్పేవాడే కాదు.
పడవలు తిరిగే రోజుల్లో
లాకు నిండేదాకా గట్టున కూర్చుని వాయించేవాడు,
పడవవాళ్ళు చిల్లరో చేపో ఇచ్చేవాళ్ళు.
తప్పు మీటితే నా వేలి మీద తన వేలు పెట్టి నొక్కేవాడు.
ఆ బరువు ఇంకా ఈ చూపుడువేలి మీదే ఉంది.
దాన్ని ఏ గడిలోంచి పంపను?

నలభై నిమిషాలకి క్లాసు దానంతటదే తెగిపోతుంది,
డబ్బు కట్టలేదు కనక.
మళ్ళీ లింకు పంపి, వాళ్ళు తేలేదాకా
తలుపు చెక్కల సందుల్లోంచి కారే నీటి చప్పుడు వింటాను.
అదీ పాఠమే అని వాళ్ళకి చెప్పలేదు.

మొన్న వాయుగుండం నాడు
గడులు ఒక్కొక్కటే నల్లబడ్డాయి.
సోమసుందరం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు,
ఆవులింతో సందేహమో.
వీరవేణి వంతు.
తీగ మీద చెయ్యి బొమ్మలా ఆగిపోయింది.
పదిదాకా లెక్కపెట్టాను. ఇరవైదాకా.
ఇక కిన్నెర మేకుకి తగిలిద్దామని లేచాను.

అప్పుడొచ్చింది.
బొమ్మ కదల్లేదు, స్వరం ఒక్కటే,
గాలినీ వాననీ మరనీ మోసుకుంటూ,
గ.

రవ్వంత తక్కువ.
తక్కువమ్మా అనబోయి ఆగాను.
వెనక మర కూడా దిగి పలుకుతోంది.
కరెంటు పోయి జనరేటరు మీద ఈడుస్తున్నట్టుంది.
ఈ పిల్ల ఆ చీకట్లో, ఆ వానలో
మర దిగినంత మేరా తీగ దించుకుంది.
దాని పక్కన పెట్టి వింటే గ సరిగ్గానే ఉంది.
తప్పుతున్నది నేను.

బిరడా అర తిప్పు వదులు చేశాను.
తీగ మూలిగింది. ఇంకాస్త.
మర దగ్గరికి వచ్చాక
ఒక్క సా మీటి
ఫోను ముందే కూర్చున్నాను.
ఎప్పటికి చేరుతుందో.
పొద్దున్నే ఆరింటికి తలుపులెత్తాలి.