ఊచ

తెల్లవారుజామున మూడింటికి
జనరల్ శాంటోస్ రేవులో దీపాలకి నిద్ర ఉండదు.
తెల్ల రబ్బరు బూట్ల మోతగాళ్లు
మనిషంత ట్యూనాని భుజానేసుకుని
నడుం లోతు నీళ్లలోంచి నడిచొస్తారు,
జాతరలో నిద్రపోయిన పిల్లాణ్ణి
ఇంటికి మోసుకొస్తున్నంత నెమ్మదిగా.
ఒంటి మీద ఒక్క గీత పడినా ధర దిగుతుంది మరి.

నా పని చిన్నది.
వేలికన్నా సన్నటి ఇనుప ఊచ,
పొడుగునా ఒక గాడి.
రెక్క కింద గుచ్చుతాను, తిప్పుతాను, లాగుతాను.
గాడిలో వత్తిలా వస్తుంది మాంసం.
వేళ్ల మధ్య నలిపి దీపానికి పట్టి చూస్తాను.
దానిమ్మ గింజ రంగైతే ఏ.
పాత ఇటుకైతే బీ.
నానిన చింతపండైతే సీ.
తోక దగ్గర కత్తిమొనతో అక్షరం గీస్తాను.
ఏ టోక్యోకి విమానమెక్కుతుంది,
సీ డబ్బాలోకి పోతుంది.
పదహారేళ్లుగా ఇదే నా చదువు,
మూడక్షరాల బడి.

ఇవాళ తెయోపిస్తో వచ్చాడు.
ఇరవై మూడు రోజులు సెలెబెస్ సముద్రం మీద.
అక్కడ చీకటి పడగానే తల్లిపడవ
చిన్న పడవల్ని ఒక్కొక్కటే దింపుతుంది.
పడవకొక మనిషి, ఒక లాంతరు,
కాళ్ల దగ్గర రాళ్ల గుట్ట.
ఎరకి రాయి కట్టి వంద బారల లోతుకి వదలాలి.
అడుగున ఒక్క గుంజు గుంజితే ముడి వీడుతుంది,
రాయి తన దారిన పోతుంది,
ఎర ఒంటరిగా మిగులుతుంది.

ఆ రాళ్లు ఏరేది వాడి పెళ్లాం ఫెలిసిసిమా,
బువాయన్ ఏటి ఒడ్డున, నడుం వంచి,
బస్తాకింత అని.
"మా ఏరంతా సముద్రం అడుక్కే చేరిందయ్యా,
ఇక్కడ నీళ్లే మిగిలాయి,"
అంది ఓసారి నాతో. నవ్వుతూనే అంది.

వాడి చేప డెబ్బై రెండు కిలోలు.
వాడు చేతులు చూపించలేదు, నేనే చూశాను.
సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకున్నా
నైలాన్ తాడు లోపలికి దిగి
పుట్టినప్పుడు లేని రేఖలు గీసింది.
"రెండున్నర గంటలు," అన్నాడు.
"మూడుసార్లు పైకొచ్చి మూడుసార్లూ దిగిపోయింది.
తల్లిపడవ దీపం కనపడనంత దూరం ఈడ్చుకుపోయింది నన్ను.
ఇలాంటిదాన్ని మా నాన్న కూడా చూళ్లేదు."
ఎంత ముద్దుగా చెప్పాడో,
తనని కుమ్మిన కోడెదూడ గురించి చెప్పినట్టు.

ఊచ దించకముందే నాకు తెలిసిపోయింది.
పెనుగులాడిన చేప ఒళ్లు
తన వేడికి తనే లోపల ఉడికిపోతుంది.
ఇట్టే లొంగిపోయినదే దానిమ్మ రంగు.
ఈ న్యాయం నేను రాసింది కాదు,
నేను రాసేది అక్షరం ఒక్కటే.

గుచ్చాను. తిప్పాను. లాగాను.
దీపానికి కావాలనే ఎక్కువసేపు పట్టాను.
వెనకాల కొనేవాడు, ఎల్పిడియో, గొంతు సవరించుకున్నాడు.
రెండో పక్క కూడా గుచ్చి చూద్దామా అనుకున్నాను.
రెండో పక్కనున్నదీ అదే చేప కదా.

సీ.

వాడు అరవలేదు. కొందరు అరుస్తారు,
ఒకడు నా ఊచ లాక్కుని నీళ్లలోకి విసిరాడు పోయినేడు.
వీడు చేప నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు,
జ్వరం చూస్తున్నట్టు.
"చల్లగానే ఉందే," అన్నాడు.
ఐసులో పన్నెండు రోజులున్న చేప మరి.
తూకం చీటీ మడిచి టోపీలో దోపుకుని వెళ్లిపోయాడు,
బస్తాల కోసమేమో, ఏటి వైపు.

వేళ్లకంటిన ముక్కని రోజూ పిల్లులకి విదిలిస్తాను.
బల్ల కింద అవి అప్పటికే మోరలెత్తి కూర్చున్నాయి.
ఇవాళ నోట్లో వేసుకున్నాను.
పులుపు. నాలుక చివర ఇనుము.
మింగడానికి కొంచెం సేపు పట్టింది.

ఎవరో కేకేస్తున్నారు, తర్వాతి చేప, తర్వాతి చేప అని.
చొక్కాకి ఊచ తుడుచుకున్నాను.