నైలాన్ తప్పనిసరి

క్యాలెండర్ అట్ట వెనక
వరదన్ నిలువుగా ఒక గీత గీశాడు.
ఎడమన సముద్రం రోడ్డు పార్కు,
కుడిన పూందమల్లి దాటాక చెరువు పార్కు.
పేర్లు రాయలేదు, అక్కర్లేదు.
బడి మూసినప్పట్నించీ
మా కొరుక్కుపేట ఇంట్లో
అన్నంలోకి అవే నంజుకుంటున్నాం.

ఎడమ: టికెట్టు తక్కువ, మారాల్సిన బస్సులు మూడు.
కుడి: టికెట్టు ఎక్కువ, భోజనం అందులోనే.
ఎడమ: బయటి తిండి రానివ్వరు.
కుడి: అక్కడా రానివ్వరు గానీ
గేటువాడు సంచి అడుగుదాకా చూడడని
మూడో వీధి ఏకాంబరం చెప్పాడు.
పులిహోరైతే గమ్మున దాక్కుంటుంది,
పెరుగన్నమే చెమ్మ కక్కి పట్టిస్తుంది.

జోషికకు కుడి కావాలి.
అక్కడ మేడంత జారుడుబల్ల ఉందట,
ఎక్కాలంటే నూట ఇరవై సెంటీమీటర్లు దాటాలట.
గోడకు నిలబెట్టి నా టేపుతో కొలిచాను:
నూట పద్దెనిమిదిన్నర.
జుట్టు నెత్తిమీద ముడేసి మళ్లీ కొలవమంది.
వరదన్ లెక్క వేరు.
నూట ఇరవై లోపైతే సగం టికెట్టే.
తండ్రేమో పొట్టిగా ఉండమంటాడు,
కూతురేమో మునివేళ్ల మీద లేస్తుంది.
టేపు నా చేతిలో.

చిన్నోడికి ఏదైనా ఒకటే,
వాడికి బస్సే పార్కు.
అత్త మునెమ్మ వక్క నములుతూ అంది:
"కాసిమేట్లో సముద్రం ఊరికే పడుందే,
డబ్బులిచ్చి నీళ్లలో దూకేదేంది?"

నేనేమీ అనలేదు.
ఎడమ పార్కును రెండేళ్లుగా ఎరుగుదును,
ఒక్కసారీ చూడలేదు.
షావుకారుపేట సేటు గుడ్డ పంపుతాడు,
ఊదారంగు నైలాను.
మోకాలిదాకా లాగు, చేతుల్లేని పైచొక్కా,
జతకు పదకొండు రూపాయలు.
సూది కింద చేపలా జారే గుడ్డ అది,
రెప్ప పక్కకు వాలితే
కుట్టు ఏట్లో కొట్టుకుపోతుంది.
ఎన్ని వందల జతలో.
వేసుకున్న ఒళ్లొక్కటీ నాకు తెలీదు.

చివరికి నేను ఎడమ అన్నాను.
ఎందుకంటే,
సముద్రపు గాలి అన్నాను.

నూలు బట్టలతో నీళ్లలోకి దిగకూడదు,
గోడమీద మూడు భాషల్లో రాసుంది.
అద్దె జతకు ఎనభై.
డిపాజిట్ వంద, చినిగితే రాదు.
కౌంటర్ పిల్ల కుప్పలోంచి ఒక జత తీసి విసిరింది.
అలవాటు చొప్పున తిరగేసి చూశాను.
చంక కింద నల్లదారం మధ్యలో
జానెడు మేర నీలం.
ఆ సాయంత్రం వీధంతా మోకాలిలోతు వాన,
దారం కొట్టు తలుపులు దించేశాడు.
"సరిపోతుందా అక్కా?"
సరిపోతుంది.
లోపల అర అంగుళం వదిలాను,
ఎవరి పిల్లో ఎదుగుతుందని.

ఇక్కడి జారుడుబల్ల రెండంతస్తులే.
జోషిక మూతి ముడుచుకునే ఎక్కింది,
దిగేటప్పటికి మరిచిపోయింది.
పదకొండుసార్లు లెక్కపెట్టాను.
అందరూ పిల్లల ముఖాలు చూస్తున్నారు,
నేను భుజం కుట్టు చూశాను.
అత్త ప్రహరీ పక్కన కూర్చుని
అవతలి అలల వంక చేయి చూపి
"దానిక్కూడా టికెట్టేనా?" అని
కాపలావాణ్ణి అడుగుతోంది.

సాయంత్రం తడిబట్టలు వెనక్కిచ్చాను.
ఆ పిల్ల చొక్కాను రెండు చేతులా పట్టి లాగింది,
గట్టిగానే లాగింది.
వంద రూపాయలు తిరిగిచ్చింది.

బస్సు దారంతా వరదన్ గొణుగుడే:
కుడికి పోయుంటే భోజనమన్నా దక్కేది,
ఇక్కడ ఒక్కో దోశకు నూట నలభై.
ఇల్లు చేరాక
అట్ట దించి, పెన్సిలు నాకి,
ఎడమవైపు అడుగున ఒక మాట చేర్చాడు:
బట్టలు గట్టివి.

నా వైపు చూశాడో లేదో,
అప్పటికే కరెంటు పోయింది.